రెస్పైట్ కేర్: నాలుగు రోజులు బిడ్డను అప్పజెప్పే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

మావాడికి 26 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది, దీన్నే కొన్నిచోట్ల లర్నింగ్ డిజబిలిటీ అంటారు. మాటలు పదో పదిహేనో వస్తాయి. ఫిట్స్‌కి చిన్నప్పటి నుంచి మందులు వాడుతున్నాం. రోడ్డు మీద చెయ్యి వదలడు. కింద ఉన్న ప్రశ్నలు తల్లిదండ్రుల మీటింగుల్లో, ఆసుపత్రి వరండాల్లో, ఒక్కోసారి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి మరీ నన్ను అడిగినవే. నేను డాక్టర్ని కాదు, లాయర్నీ కాదు. పదేళ్లుగా వాణ్ణి అప్పుడప్పుడు వేరేచోట ఉంచి వస్తున్న తల్లిని.

రెస్పైట్ కేర్ అంటే హోమ్‌లో వేసేయడమేనా?

కాదు. బిడ్డ వెళ్లేటప్పుడే తిరిగొచ్చే రోజు ఖాయమై ఉంటే అది రెస్పైట్. ఒక పూట కావచ్చు, రెండు రాత్రులు కావచ్చు, మీకు ఆపరేషన్ అయితే నెల కూడా కావచ్చు. బిడ్డే వెళ్లక్కర్లేదు, నేర్చుకున్న మనిషి మీ ఇంటికి వచ్చి శనివారం సాయంత్రం నాలుగు గంటలు చూసుకున్నా అదీ రెస్పైటే. మన ఇళ్లలో అమ్మమ్మలు, మేనత్తలు పేరు పెట్టకుండా చేసిన పని ఇదే. ఇప్పుడు అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులు, మేనత్తకి ఉద్యోగం. బిడ్డ మాత్రం ఎనభై కిలోలు అయ్యాడు.

లర్నింగ్ డిజబిలిటీ అంటే చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా కదా? దానికి రెస్పైట్ ఎందుకు?

ఈ తికమక బ్రిటన్ వాళ్లు రాసింది చదివితే వస్తుంది. అక్కడ లర్నింగ్ డిజబిలిటీ అంటే మనం మేధో వైకల్యం అనేది, పాత కాగితాల్లో బుద్ధిమాంద్యం అని ఉండేది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మేధో వైకల్యం వేరు, డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యం వేరు. ఈ పేజీ మొదటిదాని గురించి. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులకి కూడా చాలావరకు పనికొస్తుంది.

కన్నబిడ్డను వదిలి ఊరెళ్లడం తప్పు కాదా? మా అత్తగారు అదే అంటున్నారు.

మా అత్తగారూ అన్నారు. మూడేళ్ల తర్వాత ఆవిడకే తుంటి ఎముక విరిగి, నేను ఆసుపత్రిలో ఆవిడ దగ్గర పన్నెండు రాత్రులు పడుకోవాల్సి వచ్చినప్పుడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 28వ అధికరణం, పేదరికంలో ఉన్న వికలాంగులకూ వాళ్ల కుటుంబాలకూ ప్రభుత్వం అందించాల్సిన సాయంలో శిక్షణ, కౌన్సెలింగ్, డబ్బు సాయంతో పాటు రెస్పైట్ కేర్‌ని పేరు పెట్టి చెప్పింది. మన దేశం 2007లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. అంటే ఇది తల్లికి మొహం మొత్తి అడిగే సౌకర్యం కాదని ప్రపంచం ఎప్పుడో ఒప్పుకుంది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడానికి ఇంకొంచెం టైం పడుతుంది, పట్టనివ్వండి.

మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది?

నిజం చెప్పాలంటే తక్కువే. ఉన్న దారులు ఇవి.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద మేధో వైకల్యం, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం కొన్ని పథకాలు ఉన్నాయి. వాటిలో సమర్థ్ అనేది రెస్పైట్ కోసం పెట్టింది, ఘరౌందా పెద్దవాళ్లు దీర్ఘకాలం ఉండే ఇళ్ల కోసం, వికాస్ పగటిపూట కేంద్రాల కోసం. వీటిని నడిపేది ట్రస్ట్‌లో నమోదైన స్వచ్ఛంద సంస్థలు. మీ జిల్లాలో ఏవి నమోదయ్యాయో ట్రస్ట్ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. జాబితాలో పేరుంది కదా అని బస్సెక్కకండి, ముందు ఫోన్ చేసి ఇప్పుడు నడుస్తోందా అని అడగండి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ (పాతవాళ్లు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ) బయటి ఊళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రులు బిడ్డతో పాటు ఉండి నేర్చుకోవడానికి ఫ్యామిలీ కాటేజీలు నడిపింది. అది పూర్తి అర్థంలో రెస్పైట్ కాదు, తల్లి కూడా అక్కడే ఉంటుంది. కానీ ఎక్కడ ఏముందో తెలిసిన మనుషులు దొరికే చోటు అది.

మిగిలింది ప్రైవేటు హోమ్‌లు, స్పెషల్ స్కూళ్లకి అనుబంధంగా ఉన్న హాస్టళ్లు. ఇంకొకటి నా అనుభవంలో అన్నిటికన్నా నిలబడింది: నాలుగైదు కుటుంబాలు కలిసి వంతులు వేసుకోవడం. నెలలో ఒక ఆదివారం మా ఇంట్లో ముగ్గురు పిల్లలు, మిగతా మూడు ఆదివారాలు మాకు ఖాళీ.

ఒక చోటు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతున్నారో వినండి. మీరు వేసే ప్రశ్నల కన్నా అది ముఖ్యం.

మొదటిసారి నేను వెళ్లిన చోట మూడే అడిగారు: ఎన్ని రోజులు, ఆధార్ ఉందా, అడ్వాన్స్ ఎంత కడతారు. నున్నటి గ్రానైట్ నేల, ఫిష్ ట్యాంకు, గోడ నిండా సన్మానాల ఫొటోలు. అయిదు రోజులకి వదిలాను. రోజుకి రెండు చొప్పున పది మాత్రలు, జాగ్రత్తకి ఇంకో నాలుగు, మొత్తం పద్నాలుగు ఇచ్చాను. తిరిగొచ్చాక సంచి విప్పితే బట్టలు ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి ఉన్నాయి. మాత్రలు తొమ్మిది మిగిలాయి. అంటే రోజుకొకటి ఎగ్గొట్టారు. టూత్‌బ్రష్ కవరు కూడా చింపలేదు. మూడో రోజు వాడికి ఫిట్స్ వచ్చింది.

తర్వాత వెళ్లిన చోటు పాత పెంకుటిల్లు, పెరట్లో జామచెట్టు. అక్కడి పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి గంటసేపు వదల్లేదు. "దాహమేస్తే ఎలా చెప్తాడు? నొప్పి వస్తే ఏడుస్తాడా, మూల కూర్చుంటాడా? కుక్కలంటే భయమా? దుప్పటి ముఖం మీదికి లాక్కుంటాడా? కోపం వచ్చే ముందు చేతులు ఏం చేస్తాయి? ఆఖరిసారి దొడ్డికి ఎప్పుడు వెళ్లాడు?" కొన్నిటికి నా దగ్గరే జవాబు లేదు. ఇరవై ఏళ్లు పెంచిన దాన్ని, కోపం ముందు వాడి చేతులు ఏం చేస్తాయో అప్పటిదాకా గమనించలేదు. (చొక్కా గుండీ తిప్పుతాడు.) ఆ ఇంటికి ఇప్పటికీ పంపుతున్నాం.

ఒకేసారి వదిలేయమనే చోటు నాకు నచ్చదు. ముందు మీతో కలిసి ఒక గంట, తర్వాత ఒక పూట, తర్వాత ఒక రాత్రి అని వాళ్లే చెబితే సగం నమ్మొచ్చు.

చూడటానికి వెళ్లినప్పుడు ఏమేం చూడాలి?

ఆఫీసు గది చూడకండి. బాత్రూమ్‌కి వెళ్లాలని అడగండి, సిబ్బందిది కాదు, పిల్లలది. తలుపు మూస్తున్నారా, తడి నేల మీద పట్టుకోవడానికి కడ్డీ ఉందా, సబ్బు ఉందా. అందరి టవళ్లూ ఒకే తీగ మీద కలగలిసి ఉంటే గజ్జి మీ ఇంటికొస్తుంది.

భోజనం వేళకి వెళ్లండి. మేధో వైకల్యంతో పాటు నమలడం, మింగడం కష్టమైన పిల్లలు చాలామంది. వాళ్లకి అన్నం ముద్ద గొంతుకు అడ్డం పడటం నిజమైన ప్రమాదం. ఎవరికి పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాలో, ఎవరికి ఇడ్లీ ముక్కలు చేసి పెట్టాలో వడ్డించే మనిషికి తెలియాలి, రిజిస్టర్‌లో ఉంటే చాలదు. పడుకోబెట్టి నోట్లో పోస్తున్నారంటే ఇంకేమీ చూడక్కర్లేదు, వచ్చేయండి.

సిబ్బంది పిల్లల్ని ఎలా పిలుస్తున్నారో వినండి. పేరు పెట్టి పిలుస్తున్నారా, "ఆ ఫిట్సోడు", "డైపర్ పిల్ల" అంటున్నారా. ఇక ముప్ఫై ఏళ్ల మనిషిని "చిన్నా, బుజ్జీ" అనడం ప్రేమే అనుకోండి, కానీ స్నానం వేళ అదే మనిషికి తలుపు మూయాలన్న ఆలోచన కూడా రాకపోవడం తరచుగా అక్కణ్ణుంచే మొదలవుతుంది.

పగలు ఏం చేస్తారో అడిగితే "టీవీ చూస్తారు" అంటే అది కాపలా, సంరక్షణ కాదు.

రాత్రి ఎంతమంది ఉండాలి?

సంఖ్య కన్నా ముందు ఇది అడగండి: రాత్రి మెలకువగా ఉండేది ఎవరు? "ఆయా అక్కడే పడుకుంటుంది" అన్నది జవాబు కాదు. ఫిట్స్ చాలామందికి నిద్రలో కూడా వస్తాయి. బయట గొళ్లెం పెట్టి తాళం వేస్తారా, నిప్పంటుకుంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని కూడా అడగండి. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో ఒక ఆశ్రమానికి నిప్పంటుకుని 28 మంది చనిపోయారు, వాళ్లు గొలుసులతో కట్టి ఉన్నవాళ్లు. అది మానసిక జబ్బు ఉన్నవాళ్ల ఆశ్రమం, మన పిల్లలది కాదు. తాళం మాత్రం ఎక్కడైనా తాళమే.

ఫిట్స్ ఉన్న పిల్లల విషయంలో ఏం జాగ్రత్త?

మాత్రలు కంపెనీ పట్టీలతోనే ఇవ్వండి, డబ్బాలో పోసి ఇవ్వొద్దు. డాక్టర్ చీటీ కాపీ జతచేయండి. వాడుక పేరు కాదు, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో పెద్ద అక్షరాల్లో రాయండి. ఇచ్చిన ప్రతిసారీ సంతకం పెట్టే కాగితం ఉండాలి, తిరిగొచ్చాక నాలాగే లెక్కపెట్టుకోండి.

ఫిట్స్ వస్తే ఏం చేస్తారని సిబ్బందిని నేరుగా అడగండి. "చేతిలో తాళంచెవులు పెడతాం", "ఉల్లిపాయ వాసన చూపిస్తాం", "పళ్ల మధ్య చెంచా పెడతాం" అని ఇప్పటికీ వింటున్నాను. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైం చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటితే అత్యవసరం, ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టర్ ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాసి ఉంటే అది ఎప్పుడు వాడాలో వాళ్లకి చూపించే రండి.

ఇంకో మాట. తెచ్చిన మందులతో పాటు "రాత్రి గొడవ చేయకుండా" అని వేరే మాత్ర ఏదైనా వేస్తారా అని అడగండి. మిమ్మల్ని అడక్కుండా మత్తుమందు వేసే హక్కు ఎవరికీ లేదు.

రాసి ఇవ్వాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. రెండు పేజీలు మించకుండా. ఎక్కువైతే రాత్రి డ్యూటీ మనిషి చదవదు. ఆ మనిషికి తెలుగు చదవడం వస్తుందో హిందీయో కూడా కనుక్కోండి, ఈమధ్య హైదరాబాద్ హోమ్‌లలో పనిచేసేవాళ్లలో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు చాలామంది.

మావాడి కాగితంలో మొదటి వరుస జబ్బు పేరు కాదు. "'బూ' అంటే నీళ్లు, 'తాత' అంటే టీవీ ఆపమని" అని ఉంటుంది. తర్వాత తిండి, మందులు, మలబద్ధకం (మూడు రోజులు దాటితే వాడు తల గోడకి కొట్టుకుంటాడు, పిచ్చి కాదు, కడుపునొప్పి), భయాలు, నిద్రపుచ్చే పద్ధతి. ఆఖర్న మేం ఫోన్ ఎత్తకపోతే నిర్ణయం తీసుకోగల ఇద్దరి నంబర్లు. వాడి స్టీలు గ్లాసు, పాత దుప్పటి సంచిలో పెడతాను. ఉతకొద్దని చెప్తాను, ఇంటి వాసన పోతుంది.

మాది ఆడపిల్ల. ధైర్యం చాలట్లేదు.

ఈ భయాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు. చండీగఢ్‌లో ప్రభుత్వం నడిపిన ఆశ్రమంలోనే మేధో వైకల్యం ఉన్న అమ్మాయి మీద అత్యాచారం జరిగి గర్భం వచ్చిన కేసు 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆమె ఇష్టం లేకుండా గర్భం తీసేయకూడదని కోర్టు అప్పుడు చెప్పింది. కాబట్టి అడగండి: స్నానం, బట్టలు మార్చడం, నెలసరి వేళ ఆడవాళ్లే చూస్తారా? రాత్రి కూడానా? డ్రైవర్‌తో ఒంటరిగా పంపుతారా? సిబ్బందిని తీసుకునే ముందు పోలీసు వెరిఫికేషన్ చేయించారా?

మీరు ఇంట్లో చేయాల్సింది ఒకటుంది. ఒంట్లో భాగాల పేర్లు, "వద్దు" అనే మాట లేదా సైగ అమ్మాయికి నేర్పండి. చెప్పిందల్లా వినేలా పెంచిన పిల్ల "వద్దు" అనలేదు. స్పెషల్ టీచర్‌ని అడిగితే బొమ్మలతో నేర్పుతారు.

నెలసరి బాధ ఉండదని గర్భసంచి తీయించమని సలహా ఇచ్చే హోమ్‌కి దండం పెట్టి వచ్చేయండి. 1994లో మహారాష్ట్రలో శిరూర్‌లోని ప్రభుత్వ ఆశ్రమం అమ్మాయిలకి పుణె ఆసుపత్రిలో ఇదే చేస్తే దేశమంతా గొడవైంది. స్వేచ్ఛగా, తెలిసి ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదని 2016 చట్టం 10వ సెక్షన్ చెబుతోంది.

సీసీ కెమెరాలు ఉన్నాయంటున్నారు. చాలదా?

చాలదు. ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని అడగండి. బాత్రూమ్‌లో, బట్టలు మార్చుకునే చోట కెమెరా ఉంటే అది భద్రత కాదు, నేరం. ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి చూడొచ్చా అని అడిగినప్పుడు వాళ్ల ముఖం ఎలా మారుతుందో చూస్తే కెమెరా కన్నా ఎక్కువ తెలుస్తుంది.

తిరిగొచ్చాక మావాడు మాట్లాడట్లేదు, మంచం కింద దూరుతున్నాడు. ఏదైనా జరిగిందా?

ఒకటి రెండు రోజులు అలగడం, అతుక్కుపోవడం, నిద్ర తారుమారవడం మామూలే. వారం దాటినా తగ్గకపోతే, ముట్టుకుంటే ఉలిక్కిపడితే, నేర్చుకున్న పనులు మర్చిపోతే, ఒక మనిషి పేరు వినగానే మారిపోతే వదిలేయకండి. వచ్చిన రోజే స్నానం మీరు చేయించండి. తొడల లోపల, చెవుల వెనక, మణికట్ల దగ్గర చూడండి. మచ్చ ఉంటే తేదీ పడేలా ఫొటో తీయండి. బరువు చూడండి, పంపే ముందు కూడా చూసి ఉంటే మంచిది.

మావాడి విషయంలో ఇంకో గుర్తు ఉంది. రెండోసారి జామచెట్టు ఇంటి గేటు కనిపించగానే కారు దిగడానికి తొందరపడ్డాడు. మొదటి చోటు ఉన్న వీధిలోకి ఆటో తిరిగితే ఇప్పటికీ నా కొంగు పట్టుకుంటాడు. మాటలు లేని పిల్లలు ఇచ్చే రేటింగ్ అదే.

తప్పు జరిగిందని తెలిస్తే ఎవరికి చెప్పాలి?

ముందు డాక్టర్‌కి చూపించి కాగితం తీసుకోండి. వేధింపు, హింస, దోపిడీ గురించి ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి చెప్పొచ్చు, తల్లిదండ్రులే కానక్కర్లేదు. అది 2016 చట్టంలో 7వ సెక్షన్. పోలీసుల దగ్గరికి వెళ్తే ఉచిత న్యాయ సహాయం గురించి కూడా వాళ్లే మీకు చెప్పాలి. తమ చేతిలో ఉన్న వికలాంగుడికి తెలిసి తిండి, నీళ్లు ఇవ్వకపోవడం 92వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. పక్క తడుపుతున్నాడని సాయంత్రం నుంచి నీళ్లు ఆపేసే చోట్లు దీన్ని చదువుకోవాలి. బిడ్డకి 18 నిండకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098, లైంగిక నేరమైతే పోక్సో చట్టం. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి కూడా రాయండి.

అలాగే రిజిస్ట్రేషన్ లేకుండా వికలాంగుల సంస్థ నడపకూడదు. ఆ సర్టిఫికెట్ గోడ మీద కనబడాలి. సన్మానం ఫొటోల మధ్య వెతకండి.

ఖర్చుకి ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?

రెస్పైట్ కోసం అని చేతికిచ్చే డబ్బు లేదు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో రాసిచ్చే కాగితం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఉంటే పింఛను వస్తుంది: తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000. నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా ఏడాదికి లక్ష దాకా వైద్యం, థెరపీ ఖర్చులకి పనికొస్తుంది, హోమ్ ఫీజుకి కాదు.

బిడ్డకి 18 దాటింది. హోమ్‌ వాళ్లు గార్డియన్ కాగితం అడుగుతున్నారు.

18 దాటాక తల్లి అయినంత మాత్రాన చట్టపరంగా గార్డియన్ కాదు. కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టాలి. ఆపరేషన్ సంతకం దగ్గర తెలుసుకునే కన్నా ముందే చేసుకోండి. నాలుగు రోజుల రెస్పైట్ కోసం గార్డియన్‌షిప్ హోమ్ పేరున మార్చమని అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు.

మా అక్క వాళ్లు బ్రిటన్‌లో ఉంటారు. అక్కడ బాగుంటుందంటారు, నిజమేనా?

పద్ధతి ఉంది. ఇంగ్లండ్‌లో 2014 కేర్ చట్టం ప్రకారం చూసుకునేవాళ్ల అవసరాలు ఏమిటో కూడా కౌన్సిల్ అంచనా వేయాలి, మీ అక్కగారు అడిగి చేయించుకోవాలి. చాలామంది మనవాళ్లు "మన ఇంటి గుట్టు వాళ్లకెందుకు" అని అడగరు. కేర్ హోమ్‌లని కేర్ క్వాలిటీ కమిషన్ తనిఖీ చేసి రేటింగ్ అందరికీ కనబడేలా పెడుతుంది. అలాంటిది మన దగ్గర లేదు. అయినా తనిఖీ సంస్థ ఉండగానే బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రిలో మేధో వైకల్యం ఉన్నవాళ్లని సిబ్బంది కొట్టి హింసించడం 2011లో బీబీసీ రహస్య కెమెరాతో బయటపడింది. అక్కడ పనిచేసిన నర్సు ఒకాయన ముందే ఫిర్యాదు చేసినా పట్టించుకోలేదు. పదకొండు మందికి శిక్ష పడింది. రేటింగ్ చూడమనండి, వెళ్లి కూడా చూడమనండి.

అమెరికాలో అయితే రాష్ట్రాన్ని బట్టి మెడికెయిడ్ (అక్కడి ప్రభుత్వ వైద్య సాయం) వేవర్లు అనే పథకాల్లో రెస్పైట్ గంటలు ఉంటాయి. చాలా రాష్ట్రాల్లో వెయిటింగ్ లిస్టు ఏళ్ల తరబడి ఉంటుంది, కాబట్టి అర్హత ఉంటే అవసరం రాకముందే పేరు రాయించాలి.

వదిలి వచ్చాక రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చేయొచ్చు?

ముందే ఒక టైం అనుకోండి. రాత్రి భోజనాలయ్యాక, ఎనిమిదిన్నరకి, వీడియో కాల్. మీ గొంతు విని బిడ్డ ఏడిస్తే ఆయాతో మాత్రమే మాట్లాడండి. జామచెట్టు ఇంట్లో మొదటి రోజు నేను సాయంత్రంలోపే ఏడుసార్లు చేశాను. ఎనిమిదోసారి ఆయా ఎత్తి, "అమ్మా, మీతో ఫోన్‌లో ఉన్నంతసేపూ బాబు దగ్గర ఎవరూ లేరు" అంది.